మోటారు పోయిందనే ముందు

వాషింగ్ మెషిన్ తిరగడం మానేసిందంటే చాలా ఇళ్లలో ముందుగా వినిపించే మాట ‘మోటారు పోయింది’. వెనక రేకు విప్పకముందే ఆ మాట వచ్చేస్తుంది. ఆ వెంటనే కొత్త మోటారు ధర, దాని పక్కన కొత్త మెషిన్ ధర, ఆపైన ఎక్స్ఛేంజ్ ఆఫర్ల లెక్క మొదలవుతాయి. కానీ ఆ మోటారును ఒక్కసారి విప్పి చూస్తే అందులో తేలిగ్గా పాడయ్యేది పెద్దగా ఏమీ లేదని తెలుస్తుంది. పలుచని ఉక్కు రేకులు దొంతరగా పేర్చిన చట్రం, దాని గాడుల్లో ఎనామిల్ పూత వేసిన తీగ చుట్టలు, మధ్యలో అల్యూమినియం కడ్డీలు పోతపోసిన రోటార్, రెండు చివరలా బేరింగులు. అంతే. బేరింగుల దగ్గర తప్ప ఎక్కడా ఒక భాగం ఇంకోదాన్ని రాసుకోదు. ఇలాంటి మోటారు తనంతట తాను పోవడం అరుదు. చాలాసార్లు మోటారు బాగానే ఉంటుంది, దాని చుట్టూ ఉన్న చిన్న భాగం ఏదో మొరాయిస్తుంది. నిజంగా కాలిపోయినప్పుడు కూడా దాన్ని కాల్చిన కారణం వేరే చోట ఉంటుంది. ఆ కారణాన్ని పట్టుకోకుండా కొత్త మోటారు బిగిస్తే అదీ అదే దారి పడుతుంది.

మన ఊళ్లలో ఎక్కువగా కనిపించే రెండు టబ్బుల సెమీ ఆటోమేటిక్ మెషిన్‌తోనే మొదలుపెడతాను. చదువరి తన ఇంట్లో స్వయంగా పరీక్షించి చూడగలిగే మెషిన్ కూడా అదే. అందులో మోటార్లు రెండు. ఉతికే టబ్బు కింద ఉన్న మోటారు బెల్టుతో గేర్‌బాక్సును తిప్పితే, గేర్‌బాక్సు టబ్బు అడుగున ఉన్న పల్సేటర్ చక్రాన్ని కాసేపు అటు, కాసేపు ఇటు తిప్పుతుంది. డ్రయ్యర్ వైపు మోటారు బుట్టను నేరుగా, ఒకే దిశలో, నిమిషానికి సుమారు 1,300 చుట్ల వేగంతో తిప్పుతుంది. ఒకవైపు పనిచేస్తూ ఇంకోవైపు ఆగిపోతే సగం సమాధానం అప్పుడే దొరికినట్టు: ఇంటి కరెంటు, ప్లగ్గు, మెయిన్ తీగ బాగున్నాయి.

పరీక్ష చెవితో మొదలవుతుంది. టైమర్ తిప్పగానే మెషిన్ ఏ చప్పుడూ చేయకపోతే కరెంటు మోటారు దాకా చేరడం లేదు, లేదా మోటారులోని తీగచుట్ట, అంటే వైండింగు తెగింది. గుయ్యిమని మూలుగుతూ కదలకపోతే కరెంటు చేరుతోంది, తిరిగే బలమే రావడం లేదు. మోటారు తిరుగుతున్న చప్పుడు చక్కగా వినిపిస్తూ బట్టలు మాత్రం కదలకపోతే మోటారుకు ఏ రోగమూ లేదు. బెల్టు జారుతోంది, లేదా గేరు అరిగింది. ఈ మూడింటిలో రెండోది ప్రమాదకరమైంది. ఆగిపోయిన మోటారు మామూలుగా తీసుకునే కరెంటుకు కొన్ని రెట్లు లాగుతుంది. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి మూడింతల కరెంటు పోతే తొమ్మిదింతల వేడి. మూలుగు వినిపించగానే ప్లగ్గు పీకేయాలి. ‘ఇంకోసారి వేసి చూద్దాం’ అంటూ నాలుగైదుసార్లు టైమర్ తిప్పడంతోనే మంచి వైండింగు కాలిపోతుంది.

ప్లగ్గు పీకేశాక చేతిపని. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు బయటకు రావాల్సిందే. పాత వైరింగుల్లో ఫేజూ న్యూట్రలూ తారుమారై ఉండటం అరుదేమీ కాదు. అలాంటి చోట స్విచ్ ఆపినా మెషిన్ లోపలి దాకా ఫేజ్ నిలిచే ఉంటుంది. టబ్బు ఖాళీ చేసి పల్సేటర్‌ను చేత్తో తిప్పి చూడాలి. కొంచెం బిగువుగానైనా సాఫీగా తిరగాలి. గరగరలాడితే, ఒకచోట పట్టేస్తే దాని నడుమ ఉన్న స్క్రూ విప్పి పైకి లేపాలి. కింద కనిపించేవన్నీ మన బట్టల్లోంచి జారినవే: జాకెట్టు హుక్కులు, పిన్నీసులు, చిల్లర నాణేలు, చీర ఫాల్ దారాలు, గట్టిపడిన సబ్బు మడ్డి. ఒక్క రూపాయి బిళ్ల అడ్డంగా ఇరుక్కుంటే చాలు, మోటారు రోజూ బ్రేకు వేసిన బండిలా నడుస్తుంది.

పల్సేటర్ బాగుంటే వెనక రేకు విప్పి బెల్టు తీసేసి, మోటారు పుల్లీని విడిగా ఒకసారి, గేర్‌బాక్సు పుల్లీని విడిగా ఒకసారి తిప్పాలి. ఈ ఒక్క పనితో బరువు ఏ వైపు ఉందో తేలిపోతుంది. గేర్‌బాక్సు వైపు బిగుసుకుని, దాని చుట్టూ తుప్పు చారలు కనిపిస్తే టబ్బు అడుగున ఉన్న ఆయిల్ సీల్ పాతబడి నీళ్లు కారుతున్నాయని అర్థం. ఆ నీళ్లు ముందు బేరింగును తింటాయి, తర్వాత మోటారు మీద పడతాయి. అక్కడ మార్చాల్సింది సీలూ బేరింగులూ, మోటారు కాదు. ఇక ఎలుకలు. సెమీ ఆటోమేటిక్ మెషిన్లకు అడుగు చాలావరకు తెరిచే ఉంటుంది. బాల్కనీలో పెట్టిన మెషిన్ వెనక రేకు విప్పితే కొరికిన తీగలు కనిపించడం మెకానిక్‌లకు కొత్త కాదు. చప్పుడే లేని మెషిన్ విషయంలో మీటరు చేతిలోకి తీసుకునే ముందు టార్చిలైటుతో తీగలన్నీ చివరిదాకా చూడటం మంచిది.

చేత్తో తిప్పితే మోటారు హాయిగా తిరుగుతోంది, కరెంటు ఇస్తే మాత్రం మూలుగుతోంది అనుకుందాం. సెమీ ఆటోమేటిక్ మెషిన్లలో చాలా తరచుగా వచ్చే తేడా ఇదే. దీని వెనకున్న భౌతికశాస్త్రం అందమైనది కాబట్టి కాస్త ఆగి చూద్దాం.

మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టుల సింగిల్ ఫేజ్ కరెంటు. సెకనుకు 50 ఆవృత్తాలతో అటూ ఇటూ మారుతుంటుంది. దాన్ని ఒక తీగచుట్టలోకి పంపితే పుట్టే అయస్కాంత క్షేత్రం కూడా ఒకే గీత మీద ఊగుతుంది, తిరగదు. గణితంలో దీన్ని ఇంకోలా చూస్తారు. ఒకే గీత మీద ఊగే క్షేత్రమంటే, సవ్యదిశలో ఒకటి, అపసవ్యదిశలో ఒకటి తిరిగే రెండు సమాన క్షేత్రాల మొత్తం. నిలబడి ఉన్న రోటార్‌ను రెండూ సమానంగా చెరో వైపు లాగుతాయి. అది ఎటూ కదలలేక మూలుగుతుంది. ఎవరైనా ఒకవైపు తోస్తే ఆ దిశలో తిరిగే క్షేత్రానిది పైచేయి అయి, మోటారు అందుకుంటుంది. స్విచ్ వేస్తే కదలని సీలింగ్ ఫ్యాన్‌ను కర్రతో తోస్తే తిరగడం చాలామంది చూసే ఉంటారు. కుడికి తోస్తే కుడికి, ఎడమకు తోస్తే ఎడమకు తిరుగుతుంది. ఫ్యాన్‌లోనూ, వాషింగ్ మెషిన్‌లోనూ రోగం ఒక్కటే. కాకపోతే మెషిన్‌లో ఆ తోపుడు ప్రయోగం వద్దు. కరెంటు ఉన్నప్పుడు తిరిగే భాగాల దగ్గర చెయ్యి పెట్టడానికి వీల్లేదు.

మరి బాగున్న మోటారుకు మొదటి తోపు ఎవరిస్తారు? తిరగలి తిప్పే చేతిని గుర్తు చేసుకుంటే ఇది ఇట్టే అర్థమవుతుంది. పిడి పట్టుకుని చేతిని ముందుకూ వెనక్కూ మాత్రమే ఆడిస్తే రాయి తిరగదు. ఆ ముందు వెనకల కదలికకు పావు చుట్టు తేడాతో కుడి ఎడమల కదలిక తోడవ్వాలి. అప్పుడే పిడి గుండ్రంగా సాగుతుంది. మోటారులోనూ అంతే. మొదటి చుట్టకు లంబంగా రెండో చుట్ట అమర్చి, అందులోకి పావు ఆవృత్తం తేడాతో కరెంటు పంపితే రెండు ఊగులాటలూ కలిసి ఒక తిరుగుడు అవుతాయి. ఆ తిరిగే క్షేత్రం రోటార్ కడ్డీల్లో కరెంటు పుట్టిస్తుంది, ఆ కరెంటును పట్టుకుని రోటార్‌ను తన వెంట లాక్కుపోతుంది. ఇటలీలోని ట్యూరిన్‌లో గెలీలియో ఫెరారిస్ అనే ఆచార్యుడు 1885లో చేసి చూపించింది ఇదే. లంబంగా పెట్టిన రెండు చుట్టల మధ్య, ఏ తీగా తగలకుండా, రాగి స్తూపం తనంతట తాను తిరిగింది. ఆయన దాన్ని 1888 మార్చిలో ప్రచురించాడు. అదే ఏడాది మే 1న నికోలా టెస్లాకు అమెరికాలో పేటెంట్లు దక్కాయి. ఫెరారిస్ మాత్రం ఇలాంటి మోటారు సామర్థ్యం సగానికి మించదని లెక్కగట్టి, పేటెంటు జోలికే పోలేదు. ఇప్పుడు ఇంటింటా తిరిగే ఫ్యాన్లూ, నీటి పంపులూ, వాషింగ్ మెషిన్లూ ఆ రెండు చుట్టల సంతానమే.

ఇంటికి వచ్చేది ఒకే ఫేజ్ అయినప్పుడు పావు ఆవృత్తం తేడా ఎక్కడిది? ఆ పని కెపాసిటర్‌ది. విడిభాగాల దుకాణంలో కండెన్సర్ అని అడిగినా ఇచ్చేది దీన్నే. రెండో చుట్టకు వరుసలో దీన్ని పెడితే ఆ చుట్టలో కరెంటు మొదటిదానికంటే ముందుకు జరుగుతుంది. ఉతికే మోటారుకు సాధారణంగా 10 మైక్రోఫ్యారడ్‌లకు కాస్త అటూ ఇటూగా వాడతారు. 50 ఆవృత్తాల కరెంటుకు 10 మైక్రోఫ్యారడ్‌లు సుమారు 318 ఓమ్‌ల అడ్డు పెడతాయి. అదే కెపాసిటర్ నీరసించి 6 మైక్రోఫ్యారడ్‌లకు దిగిపోతే ఆ అడ్డు 530 ఓమ్‌లు అవుతుంది. రెండో చుట్టకు అందే కరెంటు తగ్గిపోతుంది, గుండ్రంగా తిరగాల్సిన క్షేత్రం కోడిగుడ్డు ఆకారంలోకి సాగుతుంది, బలం పడిపోతుంది. ఖాళీ టబ్బులో తిరిగే పల్సేటర్ నాలుగు దుప్పట్లు పడగానే ఆగిపోయేది ఇందువల్లే. ‘తక్కువ బట్టలు వేస్తే తిరుగుతోంది’ అని ఎవరైనా అంటే నా అనుమానం ముందు కెపాసిటర్ మీదికే పోతుంది.

కెపాసిటర్ ఎందుకు నీరసిస్తుంది? లోపల ఉండేది ఆరేడు మైక్రాన్ల మందం ఉన్న పాలీప్రొపిలీన్ పొర. దాని మీద కొన్ని పదుల నానోమీటర్ల అల్యూమినియం లేదా జింక్ పూత. అలాంటి రెండు పొరలను కలిపి గట్టిగా చుట్టి, డబ్బాలో పెట్టి, రెజిన్ పోసి మూసేస్తారు. పొరలో ఎక్కడైనా బలహీనమైన చుక్క ఉంటే వోల్టేజి అక్కడ చిల్లు పొడుస్తుంది. ఆ మెరుపుకు చిల్లు చుట్టూ ఉన్న లోహపు పూత ఆవిరైపోతుంది. లోహం లేని చోట కరెంటు పారదు కాబట్టి షార్ట్ అక్కడితో ఆగిపోతుంది, కెపాసిటర్ బతికిపోతుంది. తన గాయాన్ని తానే మాన్పుకునే ఏర్పాటు ఇది, ఇంజినీరింగు చేసిన గొప్ప పనుల్లో ఒకటి. కానీ గాయం మానిన ప్రతిసారీ పూత కొంచెం తగ్గుతుంది. వేడి, తేమ, వోల్టేజి ఎగుడుదిగుళ్లు ఏళ్ల తరబడి కలిసి ఆ పూతను కొద్దికొద్దిగా తినేస్తాయి. బయటి నుంచి చూస్తే డబ్బా కొత్తదానిలాగే ఉంటుంది. ఉబ్బిందా, పగిలిందా అని చూసి ‘బాగానే ఉంది’ అనడం అందుకే సరిపోదు. కొలవాలి.

కెపాసిటెన్స్ కొలిచే మల్టీమీటరు ఇప్పుడు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. అయితే ముట్టుకునే ముందు ఒక జాగ్రత్త. 230 వోల్టుల కరెంటు శిఖరం దగ్గర 325 వోల్టులు ఉంటుంది, నడుస్తున్న మోటారులో కెపాసిటర్ మీద అంతకంటే ఎక్కువే పడుతుంది. దాని మీద 440 వోల్టులని రాసి ఉండేది అందుకే. ఉతికే మోటారు బాగుంటే, మెషిన్ ఆపగానే కెపాసిటర్‌లో మిగిలిన ఛార్జి వైండింగుల గుండా దిగిపోతుంది. వైండింగు తెగిన మెషిన్‌లో మాత్రం దానికి దారి ఉండదు. చెడిపోయిన మెషిన్‌నే మనం విప్పుతున్నాం కనుక, ఛార్జి ఉందనే అనుకోవాలి. ఐదు వాట్ల, పది కిలో ఓమ్‌ల రెసిస్టర్ కాళ్లను ఇన్సులేషన్ ఉన్న పట్టకారుతో పట్టుకుని రెండు టెర్మినళ్లకు రెండు మూడు సెకన్లు తాకించి, మీటరుతో వోల్టేజి సున్నా అయిందో లేదో చూసుకుని, అప్పుడు తీగలు పీకాలి. స్క్రూడ్రైవర్ అడ్డంగా పెట్టి టప్పుమనిపించే అలవాటు మంచిది కాదు. కెపాసిటర్ దెబ్బతింటుంది, కంటికి నిప్పురవ్వ తగిలే ప్రమాదం కూడా ఉంది.

డబ్బా మీద 10 మైక్రోఫ్యారడ్‌లు, 5 శాతం అటూ ఇటూ అని ఉంటే మీటరు 9.5, 10.5ల మధ్య చూపాలి. ఎనిమిదో, ఆరో చూపితే దొంగ దొరికినట్టే. వంద, రెండు వందల రూపాయల వస్తువు మోటారు పేరు మీద వేల రూపాయల ఖర్చు పెట్టించబోయింది. కొత్తదాని మైక్రోఫ్యారడ్‌ల విలువ పాతదాని మీద రాసినదానితో సమానంగా ఉండాలి, వోల్టేజి అంకె సమానంగానో ఎక్కువగానో ఉండొచ్చు. ‘పెద్దది వేస్తే పవర్ ఎక్కువొస్తుంది’ అన్న సలహా వినొద్దు. పెద్ద కెపాసిటర్ రెండో చుట్టలోకి అవసరానికి మించిన కరెంటు పంపి దాన్ని నిత్యం కాస్తూ ఉంటుంది. కొన్ని మెషిన్లలో ఉతికే మోటారుకూ డ్రయ్యర్ మోటారుకూ చెందిన రెండు కెపాసిటర్లు ఒకే డబ్బాలో ఉంటాయి. తీగలు పీకే ముందు ఫోనుతో ఒక ఫొటో తీసుకుంటే తర్వాత తికమక ఉండదు.

కెపాసిటర్ బాగుందని తేలితే అప్పుడు వైండింగు వైపు చూడాలి. ఉతికే మోటారు రెండు వైపులా తిరగాలి కాబట్టి దాని రెండు చుట్టలనూ సరిసమానంగా చుడతారు. బయటకు మూడు తీగలు వస్తాయి: ఒకటి ఉమ్మడిది, మిగతా రెండూ చుట్టల చివరలు. కెపాసిటర్ ఆ రెండు చివరల మధ్య ఉంటుంది. టైమర్ ఫేజ్‌ను ఒక చివరకు ఇస్తే ఒక దిశ, రెండో చివరకు ఇస్తే ఎదురు దిశ. ఇంత చిన్న అమరికతో దిశ మార్చగలగడం నాకు ఎప్పుడూ ముచ్చటేస్తుంది. రోగ నిర్ధారణకు కూడా అదే తాళంచెవి.

మూడు తీగలనూ విడదీసి ఓమ్‌లు కొలిచామనుకుందాం. ఉదాహరణకు ఉమ్మడి తీగ నుంచి ఒక చివరకు 32, రెండో చివరకు 32, చివరల మధ్య 64 వస్తే వైండింగు నిక్షేపంగా ఉంది. అంకెలు మోటారును బట్టి మారతాయి, పొంతన మాత్రం మారదు: రెండు సమానం, మూడోది వాటి మొత్తం. ఒక చివర నుంచి దేనికీ కలవకపోతే ఆ చుట్ట తెగింది. ఇక అన్నిటికంటే ఆసక్తికరమైన ఫలితం ఇంకొకటి ఉంది. చివరల మధ్య 64 చక్కగా చూపిస్తోంది, ఉమ్మడి తీగ నుంచి మాత్రం దేనికీ దారి లేదు. చుట్టలు రెండూ బాగుంటేనే 64 వస్తుంది. అంటే తెగింది ఉమ్మడి తీగ దారిలోనే. చాలా మోటార్లలో అక్కడ, వైండింగు పొట్టలో, వేడెక్కితే తెగిపోయే చిన్న థర్మల్ ఫ్యూజు దాక్కుని ఉంటుంది. మోటారును కాపాడటానికి అది తెగింది. వైండింగు పని తెలిసినవాళ్లు కట్టు విప్పి, అదే ఉష్ణోగ్రతకు తెగే ఇంకో ఫ్యూజు వేసి మళ్లీ కట్టేస్తారు. ఫ్యూజు లేకుండా తీగ నేరుగా కలిపేస్తామంటే ఒప్పుకోవద్దు. తర్వాతిసారి మోటారు ఇరుక్కుంటే ఆపే దిక్కుండదు.

ఒకవైపు 32, ఇంకోవైపు 21 వస్తే అది నిజమైన చెడు వార్త. ఎనామిల్ కాలి కొన్ని చుట్లు ఒకదానికొకటి అంటుకున్నాయి. అలా అంటుకున్న చుట్లు షార్ట్ చేసిన ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీలా పనిచేస్తాయి. వాటిలో విపరీతమైన కరెంటు తిరిగి, పక్క చుట్లను కూడా కాల్చుకుంటూ పోతుంది. కాలిన వార్నిష్ వాసన, నల్లబడిన తీగ దానికి సాక్ష్యాలు. ఓమ్‌ల పరీక్షతో పాటు ప్రతి తీగకూ, మోటారు ఇనుప బాడీకీ మధ్య కూడా కొలవాలి. అక్కడ మీటరు ఏ దారీ చూపకూడదు. చూపితే బాడీ షార్ట్. ఆ మోటారును ఒక్క క్షణం కూడా కరెంటుకు కలపొద్దు.

ఒక దిశలో బాగా తిరుగుతూ, దిశ మారే వంతు వచ్చినప్పుడు మాత్రం చప్పుడే లేకుండా ఉంటే? మోటారును అనుమానించాల్సిన పనే లేదు. రెండు చుట్టలూ, కెపాసిటరూ మూడూ బాగుంటేనే ఏ దిశలోనైనా బలంగా తిరుగుతుంది. ఒక చుట్ట తెగితే రెండు దిశలూ పోతాయి. కనుక పాడైంది టైమర్‌లోని ఒక కాంటాక్టు, లేదా దాన్నుంచి వచ్చే తీగ. ఈ ఒక్క తర్కం తెలియక మార్చేసిన మోటార్లు ఎన్నో.

వైండింగు కాలిందని తేలినప్పుడు, ఎందుకు కాలిందన్న ప్రశ్న తప్పకుండా వేసుకోవాలి. ఇరుక్కున్న పల్సేటర్, నీరసించిన కెపాసిటర్, కారుతున్న సీలు గురించి పైన చెప్పాను. వాటితో సమానమైన శత్రువు లో వోల్టేజి. ఇంతవరకూ చెప్పుకున్న ఇలాంటి మోటారును ఇండక్షన్ మోటారు అంటారు, దాని బలం వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది. 230కి బదులు 180 వోల్టులు వస్తే బలం 61 శాతానికి పడిపోతుంది. 160కి దిగితే సగం కూడా ఉండదు. పని మాత్రం అంతే చేయాలి కాబట్టి మోటారు వెనకబడుతుంది, ఎక్కువ కరెంటు లాగుతుంది, వేడెక్కుతుంది. ఇన్సులేషన్ వేడి పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు దాదాపు సగమవుతుందని ఇంజినీర్ల లెక్క. ఈ బాధ మన రైతులకు చెప్పనక్కర్లేదు. బోరు మోటార్లు కాలిపోయి, వాటిని బండి మీద వేసుకుని మండల కేంద్రంలోని వైండింగు షాపుకు తీసుకుపోవడం వాళ్లకు అలవాటైన కష్టం. వాషింగ్ మెషిన్ మోటారును కాల్చేదీ ఆ భౌతికశాస్త్రమే. ఎండాకాలం సాయంత్రాల్లో లైట్లు డల్‌గా వెలిగే వీధిలో ఉంటే మెషిన్ పొద్దున పూట వేసుకోవడమే దానికి మంచి వైద్యం.

కాలిన మోటారును రీవైండింగ్ చేయించడమా, కొత్తది వేయడమా? సెమీ ఆటోమేటిక్ మోటారు విషయంలో కొత్తది వేయడమే నాకు సబబుగా తోస్తుంది. ఇది చిన్న మోటారు, గాడులు ఇరుకు, సన్నతీగ చుట్లు వందల్లో ఉంటాయి. చేత్తో చుట్టినప్పుడు రెండు చుట్టలూ సరిసమానంగా రావడం కష్టం. పాత మోడల్‌కు సరిపడే మోటారు దొరకనప్పుడు మాత్రం నమ్మకమైన షాపులో చేయించుకోవచ్చు. తీగ గేజి, చుట్ల సంఖ్య పాతవే ఉండాలని, థర్మల్ ఫ్యూజు తిరిగి పెట్టాలని ముందే అడగాలి.

డ్రయ్యర్ వైపు కథ చిన్నది. మూత కింద ఒక స్విచ్, బుట్టను ఆపే బ్రేకు ఉంటాయి. మూత పూర్తిగా పడకపోతే స్విచ్ కలవదు, మోటారుకు కరెంటు రాదు. బ్రేకు వైరు సాగిపోయో, తెగిపోయో ఉంటే బ్రేకు వదలదు, మోటారు మూలుగుతుంది. బుట్ట చేత్తో తిప్పితే తేలిగ్గా తిరుగుతోందా అన్నదే మొదటి ప్రశ్న. ఈ మోటారుది ఒకే దిశ కనుక దాని రెండు చుట్టలు సమానంగా ఉండవు. ఓమ్‌లు వేర్వేరుగా వచ్చాయని కంగారు పడొద్దు.

ముందువైపు తలుపున్న పాత తరం మెషిన్లలో ఉండేది వేరే జాతి మోటారు, మిక్సీలో ఉండేదాని లాంటిది. దీనికి కార్బన్ బ్రష్‌లు ఉంటాయి. తిరిగే ఆర్మేచర్ మీది రాగి పలకలకు ఆనుకుని కరెంటు అందించే రెండు కార్బన్ ముక్కలవి. అరగడమే వాటి పని. కొత్తప్పుడు మూడు నాలుగు సెంటీమీటర్లు ఉండేవి సెంటీమీటరుకు దిగితే వెనకున్న స్ప్రింగు సరిగా నొక్కలేదు. నిప్పురవ్వలు ఎక్కువవుతాయి, మోటారు ఆగి ఆగి తిరుగుతుంది, ఒకరోజు పూర్తిగా ఆగిపోతుంది. రెండిటినీ కలిపే మార్చాలి. రాగి పలకల మీద నల్లటి మసి తుడిస్తే పోతుంది, పలక లేచినా కాలినా ఆర్మేచర్ పోయినట్టే. అదే మోటారు వెనక ఒక చిన్న అయస్కాంతం, తీగచుట్ట ఉంటాయి. మోటారు ఎంత వేగంతో తిరుగుతోందో మెషిన్‌ను నడిపించే ఎలక్ట్రానిక్ బోర్డుకు చెప్పేవి అవే. ఆ అయస్కాంతం వదులైతే బోర్డుకు వేగం తెలియక డ్రమ్ము ఒక్కసారిగా ఉరికి ఆగిపోతుంది. ఐరోపా సమాఖ్య 2021 మార్చి నుంచి అమల్లో పెట్టిన నిబంధనల ప్రకారం అక్కడ అమ్మే వాషింగ్ మెషిన్లకు మోటారు, మోటారు బ్రష్‌లు కనీసం 10 ఏళ్లపాటు రిపేరు చేసేవాళ్లకు అందుబాటులో ఉంచాలి. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. విడిభాగాల విషయంలో ఐరోపా నిబంధన అంత గట్టిది ఇక్కడా రావాలని నేను బలంగా కోరుకుంటాను. రెండు కార్బన్ ముక్కల కోసం మెషిన్‌ను పాత సామాన్లవాడికి ఇచ్చేసే పరిస్థితి ఉండకూడదు.

ఇప్పుడొస్తున్న ఇన్వర్టర్ మెషిన్లలో రోటార్ మీద శాశ్వత అయస్కాంతాలు, కదలని భాగమైన స్టేటర్‌లో మూడు ఫేజుల చుట్టలు ఉంటాయి. కరెంటును ఏ క్షణాన ఏ చుట్టకు పంపాలో బోర్డు నిర్ణయిస్తుంది. రోటార్ ఎక్కడుందో హాల్ సెన్సర్లు దానికి చెబుతాయి. ఎల్‌జీ మెషిన్లలో ఎల్‌ఈ అని కనిపించే ఎర్రర్ మోటారు తిరగడం లేదని చెప్పేదే. తిరగకపోవడానికి కారణం మోటారే అని మాత్రం అది చెప్పదు. కనెక్టర్‌లో పట్టిన తుప్పు, పాడైన హాల్ సెన్సర్, బోర్డు, మితిమీరి కుక్కిన బట్టలు, ఏదైనా కావచ్చు. ఇక్కడ మీటరు కూడా అక్కర్లేని పరీక్ష ఒకటుంది. ప్లగ్గు పీకి కాసేపు ఆగి, డ్రమ్మును చేత్తో తిప్పాలి. కుదుపులు కుదుపులుగా బరువుగా తిరిగితే మోటారు కనెక్టర్ విడదీసి మళ్లీ తిప్పాలి. ఇప్పుడు తేలిగ్గా తిరిగితే మోటారు బాగుంది, బోర్డులోని పవర్ ట్రాన్సిస్టర్లు షార్ట్ అయ్యాయి. అయస్కాంతాలు తిరుగుతుంటే చుట్టల్లో కరెంటు పుడుతుంది, షార్ట్ అయిన దారిలో అది పారి, తనను పుట్టించిన కదలికనే అడ్డుకుంటుంది. లెంజ్ సూత్రం చేతికి తగిలే చోటు ఇది. కనెక్టర్ విడదీసినా కుదుపులు పోకపోతే షార్ట్ మోటారు చుట్టల్లోనే ఉంది.

షాక్ కొట్టే మెషిన్ గురించి ఒక మాట. ముందు తలుపు మెషిన్లలోనూ, బోర్డున్న వాటిలోనూ కరెంటు లోపలికి వచ్చేచోట చిన్న ఫిల్టర్ ఉంటుంది. ఇంట్లో ఎర్తింగ్ లేకపోతే ఆ ఫిల్టర్ వల్ల బాడీ మీద సుమారు 115 వోల్టులు నిలుస్తాయి. చెయ్యి తగిలితే చిమచిమలాడుతుంది. అక్కడ లోపం మోటారుది కాదు, ఇంటి ఎర్తింగ్‌ది. అలాగని ఊరుకోకూడదు. ఎర్త్ లేని మెషిన్‌లో నిజంగా బాడీ షార్ట్ అయిన రోజున తడి నేల మీద నిలబడ్డ మనిషి ప్రాణానికే ముప్పు. ఎర్తింగ్ సరిచేయించి, కరెంటు లీకైతే సరఫరాను ఆపేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ పెట్టించాకే ఆ మెషిన్ మళ్లీ వాడాలి.

కెపాసిటర్ మార్చినా, మోటారు మార్చినా, ఉతికే టబ్బు సరిగ్గా నడుస్తోందో లేదో తేల్చుకోవడం సులువే. ముందు బెల్టు లేకుండా ఒక నిమిషం, తర్వాత బెల్టు వేసి, నీళ్లు నింపి, మామూలుగా వేసేన్ని బట్టలతో పావుగంట నడపాలి. పల్సేటర్ రెండు దిశల్లోనూ ఒకే బలంతో నీళ్లు చిమ్ముతోందా అని చూడాలి. ఆపి, ప్లగ్గు పీకి, మోటారు మీద చెయ్యి పెట్టాలి. వెచ్చగా, ఇంకాస్త ఎక్కువగా ఉండటం సహజమే, చెయ్యి ఆనించి ఉంచలేనంత కాలితే బరువు ఇంకా ఎక్కడో మిగిలి ఉంది. ఒక దిశ బలంగా, ఇంకో దిశ నీరసంగా ఉంటే రెండు చుట్టలూ సమానంగా లేవు. రీవైండింగ్ చేసిన మోటారైతే బిల్లు కట్టే ముందే దాన్ని వెనక్కి పంపాలి.